కాలరుమీది అంకె
(నగరరక్షణ చరిత్ర – ఏడవ ప్రకరణము: లండను, 1829–1833)

గడచిన ప్రకరణమునందు నెపోలియను నాటి పారిసు నగరమును, పోలీసు మంత్రియైన ఫూషే యచట పరచిన గూఢచారుల వలను వర్ణించితిమి. పొరుగుదేశమున నొక ప్రభుత్వము తన ప్రజల మాటలను, ఉత్తరములను, రాకపోకలను రాత్రింబవళ్లు కనిపెట్టియుండుట యెరిగిన లండను పౌరులు, పోలీసు అను పేరు వినినంతనే బెదరుటలో ఆశ్చర్యము లేదు. 1822వ సంవత్సరమున లండను రక్షణమును గూర్చి విచారించుటకు పార్లమెంటువారు నియమించిన ఉపసంఘము, కట్టుదిట్టమైన పోలీసు వ్యవస్థకును, స్వతంత్రదేశమందలి పౌరులు అనుభవించు స్వేచ్ఛకును పొత్తు కుదురుట కష్టమనియు, నేరములు కొంత తగ్గునను నాశతో ఆ స్వేచ్ఛను వదలుకొనరాదనియు అభిప్రాయపడెను. ఆ ఉపసంఘమునకు అధ్యక్షత వహించినవాడు నాటి హోంమంత్రి రాబర్టు పీలు. ఏడేండ్లు గడచునప్పటికి అదే పీలు, అదే పార్లమెంటుచేత లండను పోలీసు శాసనమును చేయించెను. ఈ మార్పు ఎట్లు సంభవించెనో, అటుపిమ్మట నాలుగేండ్లలో లండను ప్రజలు ఆ క్రొత్త దళమును ఎట్లు నిలదీసిరో చెప్పుట ఈ ప్రకరణముయొక్క ఉద్దేశము.

అంతకుముందు నగరమునకు రక్షణమే లేదనుకొనరాదు. లండనులోని ప్రతి పారిషునకును తన కావలివారు వేరుగా నుండిరి. చేత లాంతరు, చేతికఱ్ఱ ధరించి రాత్రివేళ గంటగంటకు కేకవేయుచు తిరుగు ఆ కావలివారిలో పెక్కుమంది వేరొక పని చేయజాలని వృద్ధులు. పగటివేళ పనిచేయు కానిస్టేబులు పదవి పేటలోని గృహస్థులకు వంతులవారీగా నొక యేడాది సంక్రమించునది, జీతము లేదు, చేతిలో సొమ్మున్నవాడు తన వంతునకు కూలివానిని పెట్టి తప్పించుకొనుచుండెను. దొంగను పట్టించి శిక్ష వేయించినవారికి ప్రభుత్వము బహుమానమిచ్చు పద్ధతియు నుండెను. దారిదోపిడిగాని నొకనిని పట్టించినచో నలువది పౌనులు లభించునపుడు, దొంగలను పట్టుట ఒక వ్యాపారమైనది. వ్యాపారమైనపిమ్మట దొంగలను తయారుచేయుటయు దానిలో నొక భాగమైనది. జొనాథన్ వైల్డు అనువాడు ఒకవైపు దొంగలముఠాను పోషించుచు, మరియొకవైపు తనకు లొంగనివారిని ఉరికంబమునకు పంపుచు, ఏండ్ల తరబడి నగరమున గౌరవము పొంది, తుదకు 1725లో తానే ఉరితీయబడెను. 1749 నుండి బో వీధి న్యాయస్థానమున హెన్రీ ఫీల్డింగు, అతని పిమ్మట అతని సోదరుడు జాన్ ఫీల్డింగు కొలదిమంది నమ్మకస్థులను చేర్చి పని కొంత చక్కబెట్టిరి. కాని మహాసముద్రమువలె పెరుగుచున్న నగరమునకు ఆ గుప్పెడుమంది ఏ మూలకు?

1780 జూనునెలలో గార్డను అల్లరులు చెలరేగి, చెరసాలలు తగులబడి, ఆరేడు దినములు నగరము దుండగుల పాలైనపుడు, శాంతి నెలకొల్పుటకు సైన్యమును దింపుట తప్ప వేరు మార్గము లేకపోయెను. సైనికుల తుపాకులకు సుమారు మూడువందలమంది బలియైరి. 1811 డిసెంబరులో రాట్‌క్లిఫ్ రాజమార్గముచెంత పన్నెండు దినముల యెడముతో రెండు కుటుంబములు తమ యిండ్లలోనే హత్యగావింపబడెను. మృతులు ఏడుగురు; వారిలో పసికందొకడు. నగరమంతయు తలుపులు బిగించుకొని వణకినది. అయినను ఫ్రాన్సు పద్ధతి పోలీసులు మాత్రము మాకు వలదని పెద్దమనుష్యులు వ్రాసిరి. తరువాత 1819 ఆగష్టు 16వ తేదీన మాంచెస్టరు నగరమున సెయింట్ పీటరు మైదానమందు, పార్లమెంటు సంస్కరణము కోరి శాంతముగా గుమిగూడిన వేలకొలది స్త్రీపురుషులపై అశ్వికదళము కత్తులు దూసి దుమికినది. పదునెనిమిదిమంది మరణించిరి, గాయపడినవారు వందలకొలది. ఈ రక్తపాతమును చూచినపిమ్మట వివేకవంతులకు ఒక సంగతి స్ఫురించినది. పోలీసులు లేని నగరము స్వేచ్ఛాపురి కాజాలదు. అచట అల్లరి జరిగిననాడు వచ్చునది సైన్యమే. సైనికునకు తెలిసినది శత్రువును చంపుట. అతనికి పౌరునిగూర్చిన శిక్షణ లేదు. పోలీసు వలదన్నవారి భయమును, కావలెనన్నవారి వేదనయు రెండును నిజమైనవే. ఈ రెండు సత్యములను కలిపి యోచింపక, ఒక్కదానినే పట్టుకొని వాదించువారు నేటికిని మన నడుమ కలరు. వారికొరకే ఈ పాత కథను ఇంత విరివిగా చెప్పుచున్నాను.

పీలు నేర్పరియైన రాజకీయవేత్త. నగరగర్భమందున్న పురాతనమైన సిటీ ప్రాంతపు వర్తకప్రముఖులు తమ యధికారమును వదలుకొన సిద్ధముగా లేరని యెరిగి, ఆ ప్రాంతమును శాసనమునుండి తప్పించెను. నేరముల లెక్కలు చూపి, మాటలు తగ్గించి, బిల్లును నెగ్గించెను. 1829 జూన్ 19వ తేదీన దానికి రాజాంగీకారము లభించినది. దళమునకు ఇద్దరు కమిషనర్లు నియమింపబడిరి. వారిలో చార్లెసు రోవన్ వాటర్లూ యుద్ధమున గాయపడిన సేనాని. రిచర్డు మేను ఐర్లండునుండి వచ్చిన యువ న్యాయవాది. ఒకడు క్రమశిక్షణమును, మరియొకడు శాసనమును ఎరిగినవాడు. ఇద్దరును మున్నెన్నడు నొకరినొకరు ఎరుగరు. వైట్‌హాలు ప్లేసులోని నాలుగవ నంబరు ఇంట వారు కార్యాలయము పెట్టుకొనిరి. దాని పెరటిద్వారము స్కాట్లండు యార్డు అను వీథివైపున నుండుటచే, ఆ పెరటిపేరే కాలక్రమమున లోకమంతట వ్యాపించినది. సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలము తొలి భటులు వీధులలో అడుగిడిరి. మరుసటి యేటికి దళము మూడువేలకు పెరిగినది.

ఆ భటుని వేషమునందు పీలుయొక్క, కమిషనర్లయొక్క యోచన యంతయు కన్పట్టును. ఇంగ్లండు సైనికునిది ఎఱ్ఱకోటు. కావున పోలీసువానికి నీలికోటు తొడిగిరి. సైనికుని శిరస్త్రాణమునకు బదులు, సామాన్యగృహస్థుడు ధరించు పొడవాటి టోపీ నిచ్చిరి. కత్తిగాని తుపాకిగాని బాహాటముగ ధరింపరాదు. కోటుతోకలో దాచికొనిన చిన్న కఱ్ఱ, సాయము పిలుచుటకు నొక గిలక – ఇవియే అతని సాధనములు. పనిలో లేని వేళలందును అతడా దుస్తులనే ధరింపవలెను; అట్లు చేయనిచో జనులలో మారువేషమున తిరుగుచున్నాడను సందేహము కలుగును. వీనియన్నిటికంటె ముఖ్యమైనది కాలరుమీద కుట్టిన అక్షరమును, అంకెయు. అక్షరము అతని విభాగమును, అంకె అతనినే తెలుపును. దెబ్బతిన్న కూలివాడు, దుర్భాషలు విన్న కూరగాయల స్త్రీ, ఆ భటుని పేరు తెలియకున్నను ఆ అంకెను గుర్తుంచుకొని కమిషనరుకడకు పోయి చెప్పుకొనవచ్చును. అధికారమును చేతబూనినవానికి ముఖము దాచికొను వీలు లేకుండ జేసిన ఆ చిన్న యేర్పాటు, శాసనమందలి ఏ క్లాజుకంటెను ఎక్కువ మేలు చేసినదని నా నిశ్చయము.

దళమునకిచ్చిన తొలి ఉత్తరువులు నేటికిని చదువదగినవి. నేరస్థులను దండించుటకంటె నేరము జరుగకుండ జేయుటయే పరమలక్ష్యమని, భటుని దక్షతకు కొలమానము అతడు పట్టిన దొంగలసంఖ్య కాక అతని పేటలో దొంగతనములు లేకుండుటయని వానియందు కలదు. తన కోపమును తాను నిగ్రహించుకొనుటకంటె భటునకు ఆవశ్యకమగు గుణము వేరొకటి లేదనియు కలదు. ఇచ్చట చదువరులకొక సంగతి తెలుపవలెను. పోలీసులే ప్రజలు, ప్రజలే పోలీసులు అను భావముగల తొమ్మిది సూత్రములు పీలు వ్రాసినవని పెక్కు గ్రంథములందు, పోలీసు శిక్షణాలయపు గోడలమీద కన్పట్టును. 1829 నాటి పత్రములలో నట్టి పట్టిక లేదు. చార్లెసు రీతు అను చరిత్రకారుడు ఇరువదవ శతాబ్దమున, తొలినాటి ఉత్తరువుల సారమును తన భాషలో కూర్చినది ఆ రూపము. సూత్రములు మంచివే, కాని వానిని ఒక మహాపురుషుని వరప్రసాదముగా తలచినచో, అవి లండను వీధులలో ఎంతటి వివాదముమీద సంపాదింపబడినవో మరచిపోవుదుము.

ఉత్తరువులు ఉన్నతములే యైనను, వానిని అమలుజరుపవలసిన మనుష్యులు దినమునకు మూడు షిల్లింగుల కూలికి వచ్చినవారు. మొదటి అంకె పొందిన కానిస్టేబులు తొలిదినముననే త్రాగి పట్టుబడి తొలగింపబడెను. రెండవ అంకెవానికిని అదే గతి పట్టినది. 1830 మేనెలలో దళమందుండిన 2,800 మందిలో నాలుగేండ్ల పిమ్మట మిగిలినవారు 562 మంది మాత్రమే. కొందరు కష్టమునకోర్వలేక మానుకొనిరి. పెక్కుమంది త్రాగుడునకును, దుష్ప్రవర్తనకును బర్తరఫైరి. క్రొత్త సంస్థ అపజయమునకు ఇది గుర్తని శత్రువులు నవ్విరి. నాకు మాత్రము ఇది రోవన్, మేనుల దృఢత్వమునకు సాక్ష్యముగా తోచును. తమవానిని కాచుకొనుటయే సంస్థకు గౌరవమని వారు భావింపలేదు.

ఇంత చేసినను ప్రజలు వారిని ప్రేమించిరనుకొనరాదు. నీలిదయ్యములని పిలిచిరి, రాళ్లు రువ్విరి. పారిషులవారి కోపమునకు న్యాయమైన కారణమొకటి కలదు: పన్ను చెల్లించువారు తాము, అధికారము హోంమంత్రిది. తమ కావలివానిని తామే పెట్టుకొని తామే మాన్పించినవారికి, ఇప్పుడు తమ వీధిలో నిలిచినవాని ప్రవర్తననుగూర్చి అడుగుటకు హక్కు లేకపోయెను. ఈ లోపము చాలకాలము సవరింపబడలేదు. 1889లో లండను నగరమునకు ఎన్నుకోబడిన కౌంటీసభ ఏర్పడినను పోలీసులు దాని చేతికి రాలేదు; నగరప్రతినిధులు కూర్చుండు పోలీసు అథారిటీ 2000 సంవత్సరమున గాని ఏర్పడలేదు. కాగా, మొదటి నాలుగేండ్లలో ప్రజలకు మిగిలిన సాధనములు మూడే: జూరీ, పార్లమెంటునకు పంపుకొను మహజరు, పత్రికలు. వీనిని వారెట్లు ప్రయోగించిరో 1833వ సంవత్సరము చూపినది.

1832 నాటి సంస్కరణ శాసనము మధ్యతరగతివారికి వోటు హక్కునిచ్చి, ఆ శాసనముకొరకు వారితో సమానముగా పోరాడిన శ్రామికులను వెలుపలనే నిలిపినది. అందుచే రోషించిన శ్రామికవర్గముల జాతీయసంఘమువారు 1833 మే 13వ తేదీన, కోల్డ్‌బాత్ ఫీల్డ్స్ అను చెరసాల వెనుకనున్న బయలునందు సభ జరుపనెంచిరి. హోంమంత్రి మెల్‌బోర్న్ ప్రభువు ఆ సభ శాసనవిరుద్ధమని గోడలమీద ప్రకటనలు అంటింపించెను. కాని ఆ ప్రకటనపై అతని పేరుగాని సంతకముగాని లేదు. సభకు వచ్చినవారిలో పెక్కుమంది చూడవచ్చినవారే. రోవన్ స్వయముగా పర్యవేక్షింపగా, చుట్టుపట్ల వీధులలో నిలిపియుంచిన పోలీసులు, ఉపన్యాసములు మొదలైన కొలది నిమిషములకే కాల్‌థార్పు వీధిగుండ ముందునకు నడచి కఱ్ఱలతో జనులపైబడిరి. చెదరుడని హెచ్చరించు, అల్లరిశాసనమందలి ప్రకటన చదువబడలేదు. తప్పించుకొను త్రోవ కూడ మూయబడినదని, స్త్రీలను, త్రోవనబోవువారిని సైతము కొట్టిరని చూచినవారు సాక్ష్యమిచ్చిరి. ఆ తొక్కిసలాటలో ముగ్గురు పోలీసువారికి కత్తిపోట్లు తగిలినవి. వారిలో రాబర్టు కల్లీ అను యువ కానిస్టేబులు, తూలుచు సమీపమందున్న కాల్‌థార్పు ఆర్మ్స్ అను పానశాలకు చేరి, అచటనే ప్రాణము విడిచెను. ఇంట అతని భార్య గర్భవతి.

ఇంగ్లండు శాసనము ననుసరించి, అసహజమరణము సంభవించినపుడు కరోనరు అను అధికారి స్థానిక గృహస్థులతో జూరీని కూర్చి విచారణ జరుపవలెను. కల్లీ మరణించిన పానశాలయందే పదునేడుగురు జూరర్లు కూర్చుండిరి. వీరు విప్లవకారులు కారు; ఆ పరిసరముల రొట్టెలుకాల్చువారును, చిల్లర వర్తకులును. కొన్నిదినములు సాక్షులను శ్రద్ధతో విచారించి, మే 20వ తేదీన వారు తీర్పు చెప్పిరి: ఇది సమర్థనీయమైన హత్య. కారణములను కూడ చెప్పిరి. అల్లరిశాసనము చదువబడలేదు, జనులను చెదరిపొమ్మని కోరలేదు, ప్రభుత్వము సభ జరుగకుండ ముందుగ తగిన జాగ్రత్త వహింపలేదు, పోలీసుల ప్రవర్తన క్రూరము, పశుప్రాయము, కారణరహితము. కరోనరు నివ్వెరపోయి, ఆ కారణములను కొట్టివేయుడని, తీర్పు మార్చుడని ఎంత వేడినను వారు లొంగలేదు. మరణించిన భటునియందుగాని, పోలీసు వ్యవస్థయందుగాని తమకు ద్వేషము లేదని, తమకును భార్యాబిడ్డలు, ఆస్తులు కలవని, కాని మనస్సాక్షికి విరుద్ధముగ వ్రాయజాలమని వారి అభిప్రాయము.

ఆ రాత్రి జూరర్లను ప్రజలు దివిటీలతో ఊరేగించిరి. వారి గౌరవార్థము పతకములు ముద్రించిరి, థేమ్సు నదిమీద నౌకావిహారము చేయించిరి, విందులు సలిపిరి. ప్రభుత్వము రాజన్యాయస్థానమునకు పోయి ఆ తీర్పును రద్దుచేయించెను. పోట్లు తగిలిన ముగ్గురిలో నొకడగు సార్జెంటును పొడిచెనని అభియోగము మోపబడినవానిని ఓల్డుబెయిలీ న్యాయస్థానమందలి జూరీ నిర్దోషిగా విడిచినది. కల్లీని పొడిచినవాడెవడో నేటికిని తెలియదు. అతని విధవకు పార్లమెంటు 200 పౌనులు మంజూరు చేసెను.

ఈ తీర్పును గూర్చి నా యభిప్రాయమును దాచను. ఎవడు పొడిచెనో తెలియకుండనే ఆ పోటు సమర్థనీయమని చెప్పుట న్యాయశాస్త్రమునకు నిలువని మాట. కల్లీ ఉత్తరువు పాటించిన పేదవాడు. ఆ ఉత్తరువునిచ్చినవారి తప్పునకు అతని ప్రాణము పోవుట ఘోరము. విందులు చేసినవారు ఆ గర్భవతిని తలచికొనియుండవలసినది. కాని జూరర్లడిగిన ప్రశ్నలలో నొక్కటియు తప్పుప్రశ్న కాదు. హెచ్చరిక యేది? సంతకము లేని ఉత్తరువునకు బాధ్యుడెవడు? త్రోవ మూసి కొట్టుట చెదరగొట్టుట యెట్లగును? వారి తీర్పు రద్దైనది గాని ఈ ప్రశ్నలను రద్దుచేయ నే న్యాయస్థానమునకును శక్యము కాలేదు. పార్లమెంటు ఒక ప్రత్యేక ఉపసంఘమును నియమించి సాక్షులను మరల విచారింపవలసి వచ్చినది. ఆ ఉపసంఘము పోలీసులను చాలవరకు సమర్థించినను, కమిషనర్లు, అధికారులు, భటులు వరుసగా వచ్చి, ఒక్కొక్క దెబ్బకు సంజాయిషీ చెప్పుకొనవలసిన స్థితి కలిగినది.

ఆ వేసవియందే మరియొక విషయము బయటపడినది. ఇది మొదటిదానికంటె గంభీరమైనదని నా భావము, ఏలయన కఱ్ఱదెబ్బ శరీరముమీద కన్పట్టును. ఇది కన్పట్టని గాయము. లండనుకు దక్షిణమున వాల్‌వర్తు, కాంబర్‌వెల్ ప్రాంతములందు శ్రామికసంఘపు శాఖయొకటి యుండెను. దానిలో విలియం పోపే అనువాడు బీద చిత్రకారుడనని చెప్పుకొని చేరి, సభ్యుల యిండ్లకు రాకపోకలు సాగించి, వారి భార్యాబిడ్డలతో సైతము స్నేహము చేసెను. అందరికంటె తీవ్రముగా మాటలాడువాడు అతడే. ప్రభుత్వమును దూషించు తీర్మానములను ఇంకను పదునుపెట్టువాడు అతడే. ఆయుధవిద్య నేర్వుడని ప్రోత్సహించువాడును అతడే. ఒకనాడు సభ్యుడొకడు పోలీసు స్టేషను కిటికీగుండ చూడగా, మన చిత్రకారుడు బల్లముందు కూర్చుండి లెక్కలు వ్రాయుచుండెను. పోపే పోలీసు సార్జెంటు. తాను రెచ్చగొట్టిన మాటలనే నివేదికలుగా వ్రాసి పైయధికారులకు పంపుచుండినవాడు.

మోసపోయిన శ్రామికులు కత్తులు నూరలేదు, మహజరు వ్రాసిరి. ఫ్రెడరిక్ యంగు మొదలైనవారు సంతకములు చేసిన ఆ విన్నపమును, ఓల్డ్‌హాం ప్రతినిధియు, పామరజనపక్షపాతియు, ప్రసిద్ధ పత్రికారచయితయు నగు విలియం కాబెట్టు పార్లమెంటున దాఖలుచేసెను. ఉపసంఘము కూర్చుండి, పోపేను పిలిపించి, ఆ శ్రామికుల ఎదుటనే ప్రశ్నించినది. ఇచట కొంచెము నిలిచి యోచింపవలెను. వోటు హక్కు లేని బీదకూలీలు రాజ్యపు అత్యున్నతసభ ఎదుట నిలిచి, తమ్ము వంచించిన ప్రభుత్వోద్యోగిని వేలెత్తి చూపి, ఇతడే యని చెప్పిరి. 1833 ఆగష్టులో ఉపసంఘము నివేదిక నిచ్చెను. పోపే ప్రవర్తన మిక్కిలి గర్హ్యమని, అతని పై సూపరింటెండెంటు తగిన అదుపు చూపలేదని, మారువేషపు పోలీసులను శాసనోల్లంఘనమును కనిపెట్టుటకు, శాంతిభంగమును వారించుటకు తప్ప వినియోగింపరాదని, గూఢచారులను ప్రజలపై ప్రయోగించుట జాతిస్వభావమునకును రాజ్యాంగధర్మమునకును విరుద్ధమని చెప్పినది. పోపే ఉద్యోగమునుండి తొలగింపబడెను.

ఈ నివేదికయొక్క ఫలమును లెక్కలలో చూడవచ్చును. ఇంతటి మహానగరమున నేరపరిశోధనకు ప్రత్యేకశాఖ నెలకొల్పుటకు కమిషనర్లు 1842 వరకు సాహసింపలేదు. నెలకొల్పినపుడు దానిలో ఇద్దరు ఇన్‌స్పెక్టర్లు, ఆరుగురు సార్జెంట్లు, వెరసి ఎనిమిదిమంది మాత్రమే. ప్రజలు చూచుచున్నారను భయము అధికారిని అంత నెమ్మదిగా నడిపించినది. ఆ నెమ్మదియే పోలీసులను బ్రతికించినదని నేను గట్టిగ నమ్ముదును. ప్రశ్నింపబడినందున లండను పోలీసు బలహీనపడలేదు. దొంగతనము జరిగినపుడు కూలివాడు సైతము స్టేషనుకు పోవుటకు జంకని దినము వచ్చినదన్నచో, అది ఇట్టి విచారణల ఫలితమే. సాక్ష్యము చెప్పువాడు లేని పేటలో ఎంతటి పోలీసుదళమున్నను కన్నులు కట్టినదే. ప్రజలు నోరు విప్పవలెనన్నచో పోలీసువానియందు భయము పోవలెను.

లండను పోలీసులు ఆ నాలుగేండ్లతో పవిత్రులైపోయిరని చెప్పబోను. 1887 నవంబరు 13వ తేదీన ట్రఫాల్గరు స్క్వేరున సభకు వచ్చిన నిరుద్యోగులను, ఐరిషువారి మిత్రులను వారు మరల నిర్దయతో కొట్టిరి. సైన్యమును కూడ రప్పించిరి. 1932 నాటి నిరుద్యోగ ఆకలియాత్రికులపై జరిగిన దౌర్జన్యమును, మారువేషపు భటులు అల్లరి రేపుటను కన్నులార చూచిన రొనాల్డు కిడ్డు అను పాత్రికేయుడు, 1934లో పౌరహక్కుల జాతీయమండలిని స్థాపించి, సభలు జరుగుచోట్లకు రచయితలను, న్యాయవాదులను పరిశీలకులుగా పంపుట నారంభించెను. పోపే కథ నూరేండ్లకు మరల వ్రాయవలసి వచ్చినది. హక్కు ఒకమారు సంపాదించినచో శాశ్వతముగ నిలుచునది కాదు. తరతరమున దానికి కాపుదల కావలెను.

ఇక మనదేశమువైపునకు చూతము. లండనులో నిరాయుధ పోలీసు నేర్పరచిన పీలే, అంతకు పదునైదేండ్ల ముందు, 1814లో, ఐర్లండున ప్రభుత్వ కార్యదర్శిగా నుండి, అచటి ప్రజలను అణచుటకు వేరొక దళమును నెలకొల్పియుండెను. ఆ మార్గముననే 1836లో ఐరిషు కాన్‌స్టాబ్యులరీ యేర్పడినది: తుపాకులు ధరించునది, సైనికులవలె బారకులలో నివసించునది, పైయధికారికి తప్ప ప్రజకు జవాబు చెప్పనిది. భారతదేశపు పాలకులు ప్రధానముగ అనుసరించినది ఈ రెండవ మాతృకను.

అయినను జవాబు అడుగువారు మనలో లేకపోలేదు. చెన్నపట్టణమందు గాజుల లక్ష్మీనరసు శెట్టిగారు 1844లో క్రెసెంటు పత్రికను, 1852లో మద్రాసు నేటివు అసోసియేషనును స్థాపించి, జిల్లాలలో పన్ను రాబట్టుటకును, నేరము ఒప్పించుటకును రైతులను పెట్టు చిత్రహింసలను లోకమునకు చాటిరి. 1853లో పార్లమెంటు సభ్యుడు డాన్‌బీ సేమూరు చెన్నరాష్ట్రమునకు రాగా, శెట్టిగారు ఆయనను వెంటబెట్టుకొని పల్లెలలో తిప్పి ఆ దురవస్థను కన్నులార చూపించిరి. 1854లో పార్లమెంటున చర్చ జరిగినది. ఇలియట్, స్టోక్సు, నార్టను అను ముగ్గురితో విచారణసంఘము చెన్నపట్టణమున కూర్చుండినది. ఎందరో రైతులు ఉత్తరములు వ్రాసిరి. ఎందరో కాలినడకను పట్టణమునకు వచ్చి నోటితో చెప్పుకొనిరి. 1855లో వెలువడిన నివేదిక హింస నిజమని ఒప్పుకొనుటయే కాక, బాధితునకు న్యాయము దొరకుట ఎంతటి దుస్సాధ్యమో చెప్పినది: పన్ను రాబట్టువాడును, దొంగను పట్టువాడును, ఫిర్యాదు వినువాడును ఒక్క తహసీలుదారే యైనపుడు రైతు ఎవరితో మొరపెట్టుకొనును? దీని ఫలముగ చెన్నరాష్ట్రమునకు 1859లో పోలీసు చట్టము వచ్చి, ఆ శాఖ రెవిన్యూనుండి వేరుపడినది. 1861లో దేశమంతటికి పోలీసు చట్టము వచ్చినది. నీలియు, ఖాకీయు నగు దుస్తులు, అంకెల బిళ్లలు మనకును లభించినవి. పోపేను పిలిపించి ప్రశ్నించినట్టి, ప్రజలకు బాధ్యతగల సభ మాత్రము నాడు మనకు లభింపలేదు. శెట్టిగారి యుద్యమమును, ఆ విచారణసంఘపు కథను రాబోవు ప్రకరణమున సవిస్తరముగ చెప్పుదును.

ఈలోపల చదువరులకొక మనవి. 1996 డిసెంబరు 18వ తేదీన డి. కె. బసు వ్యాజ్యమున మన సుప్రీంకోర్టు ఇచ్చిన ఆజ్ఞలలో మొదటిది, అరెస్టు చేయు పోలీసువారు తమ పేరును హోదాను స్పష్టముగ కన్పట్టునట్లు ధరింపవలెననుట. అరెస్టు పత్రము వ్రాసి కుటుంబసభ్యునిచేతగాని ఆ ప్రాంతపు పెద్దమనిషిచేతగాని సాక్షిసంతకము చేయించుట, తేదీయు వేళయు వేయుట, బంధువులకు తెలుపుట తరువాతివి. అవి నేరవిచారణ ప్రక్రియాస్మృతిలో చేరి, 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షనునందును నిలిచియున్నవి. 2006 సెప్టెంబరు 22వ తేదీన ప్రకాశ్ సింగ్ వ్యాజ్యమున అదే న్యాయస్థానము, పోలీసులపై ఫిర్యాదులు వినుటకు రాష్ట్రమునకును, జిల్లాకును వేరువేరుగా అథారిటీలు నెలకొల్పవలెనని ఆదేశించినది. మీ వీధిలో ఎవరినైన పట్టుకొనిపోవునపుడు ఆ పేరుపలక చూడుడు. లేనిచో మర్యాదగా అడుగుడు. అరెస్టు పత్రముమీద సాక్షిగా సంతకము చేయుమన్నచో వెనుదీయకుడు. మీ జిల్లాలో ఫిర్యాదుల అథారిటీ యున్నదా, దాని తలుపు తెరిచియున్నదా యని మీ శాసనసభ్యుని వ్రాతమూలకముగ అడుగుడు.